హిల్మా భుజానికి రెండు రైఫిళ్లు

తడిసిన దేవదారు వాసన. తుపాకీ నూనె వాసన. పొయ్యిలో కాలుతున్న మొద్దుల కమ్మని పొగ.

నవంబరు వచ్చేసింది.

హిల్మా కళ్లు మూసుకుని ఆ గాలిని గుండెనిండా పీల్చింది.

వంటబల్ల మీద రెండు రైఫిళ్లు. రెండూ ఆమె భర్త ఐనర్‌కు బాబాయి కొడుకైన వైనోవి. వేటకాలం అయ్యేదాకా ఉంచుకోమన్నాడు. నచ్చినది నీది, నచ్చనిది నాది అని చెప్పి పోయాడు.

రెండూ వాడినవే. ఒకటి పాతది. ఒకటి దానికంటే కొత్తది. ఒక తూటా పేలగానే రెండోదాన్ని వాటంతట అవే ఎక్కించుకునే రకం రెండూ. ఆ పనిలో పేలుడు దెబ్బను కొంత అవే మింగేస్తాయి. భుజానికి మిగిలేది తక్కువ.

హిల్మాకు కావలసింది అదే.

నిరుడు ఆమె భుజానికి ఆపరేషన్ అయింది. ఆమె సొంత రైఫిల్‌కు ప్రతిసారీ తూటాను లోపలికి తోసే బోల్టును చేత్తో లాగి, చేత్తో మూయాలి. పేలిందంటే గాడిదలా తంతుంది. దాని జోలికి పోవద్దన్నాడు డాక్టరు. దాంతో నిరుటి వేటకాలమంతా అడవి క్యాంపు గుడిసెలో గరిటె పట్టుకుని కూర్చుంది. మగవాళ్లు మంచులోకి వెళ్లేవారు... ఆమె మాంసం కూరిన పాస్టీ రొట్టెల్లోకి బంగాళాదుంపలు తరిగేది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. ఆహా ఓహో అన్నారు. ఆ మెచ్చుకోలు ఒక్కటీ ఆమె ఒంటికి పట్టలేదు.

ఈసారీ వంటింట్లోనే ఉండిపోతే, ఇక ఎప్పటికీ అక్కడే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

కంకర గుంట దగ్గర రెండింటినీ పేల్చి చూసింది.

పాతది — వాల్‌నట్ చెక్క, ఎవరెవరి చెంపలో ఆని ఆని నునుపెక్కిన చోటు. బరువు. ఆ బరువే దెబ్బను ఇంకాస్త మింగింది.

కొత్తది — నల్లటి ప్లాస్టిక్, వానకీ మంచుకీ చలించనిది. తేలిక. మంచెకు నడిచి వెళ్లేటప్పుడు భుజం దాన్ని మోస్తున్నట్టే ఉండదు.

భుజం నొప్పి పెట్టలేదు. దేనికీ పెట్టలేదు!

హిల్మా ఆ కంకర గుంటలో ఒక్కతే నిలబడి పకపకా నవ్వింది. చిన్నపిల్లలా నవ్వింది.

అప్పటినుంచీ మొదలైంది తంటా. పొద్దున పాతది నచ్చుతుంది. సాయంత్రం కొత్తది నచ్చుతుంది.

"నన్ను పెళ్లాడేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు కదే నువ్వు" అన్నాడు ఐనర్.

"అప్పుడు ఎంచుకోడానికి ఇంకోటి లేదు మరి!"

రెండింటినీ క్యాంపుకు తీసుకెళ్లింది.

మొదటి రోజు తెల్లవారకముందే పాతదాన్ని పట్టుకుని మంచె ఎక్కింది. మంచు... నిశ్శబ్దం... కొమ్మ మీద ఉడుత. బోల్టును వెనక్కి లాగింది. కంకర గుంట దగ్గరైతే చప్పుడుకు వెరవక వదిలేసింది; ఇది అడవి. ఎన్నో ఏళ్ల అలవాటు — ఉడుతకు కూడా వినపడకుండా, చేత్తో పట్టుకుని, మెల్లగా, మెల్లగా మూసింది.

వెలుతురొచ్చింది. వెలుతురుతో పాటే దుప్పి వచ్చింది. కొమ్ముల మీద మంచు పొడి, ముక్కులోంచి ఆవిరి. పక్కకు తిరిగి నిలబడింది.

హిల్మా ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కింది.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కింది. ఏమీ కాలేదు. దుప్పి తల తిప్పి, తీరిగ్గా, చెట్లలోకి నడిచిపోయింది.

"నీ పాత తుపాకీని పొయ్యిలో పెట్టు!" క్యాంపు తలుపు తోస్తూనే వైనో మీద విరుచుకుపడింది.

వైనో రైఫిల్ తీసుకుని బోల్టు చూశాడు. మీసంలో నవ్వు మొదలైంది. "చేత్తో పట్టుకుని మెల్లగా మూశావు కదూ?"

"మరి? అడవినంతా లేపమంటావా?"

"తల్లీ! దీన్ని లాగి వదిలెయ్యాలి. స్ప్రింగు అదే లాక్కెళ్లి టపీమని మూస్తుంది. నువ్వు ముద్దు చేస్తే సగంలో ఆగిపోతుంది, పేలదు. కొత్తదైనా అంతే."

హిల్మా ఇంత అనుభవమూ పెట్టుకుని, ఆ అనుభవం వల్లే దుప్పిని పోగొట్టుకుంది.

వైనో అప్పటికే కత్తెర తీశాడు. క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది. దుప్పి మీద గురి తప్పినవాళ్ల చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి, గోడకు మేకుతో కొడతారు. ఆ గోడ మీద ఐనర్ చొక్కా ముక్కలే ఒక దుప్పటికి సరిపోతాయి. హిల్మాది ఒక్క ముక్క కూడా లేదు.

ఐనర్ అడ్డొచ్చాడు. "తూటా పేలందే గురి తప్పడమేంట్రా? వదిలెయ్. పాపం, దాని భుజం అసలే..."

పాపం.

ఆ మాట హిల్మా చెవిలో సూదిలా దిగింది. నిరుడంతా విన్న మాట. గరిటె చేతికిచ్చిన మాట.

"పాపం అన్నావంటే చూడు! వంటింట్లో కూర్చున్నవాళ్లకి గురి తప్పుతుందా? నాకు తప్పింది. దుప్పి నా ఎదురుగా నిలబడింది, నాకు తప్పింది! కత్తిరించరా వైనో. పెద్ద ముక్క కత్తిరించు."

కత్తెర కరకరలాడింది. ఎర్ర గళ్ల చొక్కా ముక్క గోడకెక్కింది. అక్షరాలు తనే రాసింది — హిల్మా. కాస్త పెద్దగానే రాసింది. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు... ఆ పూట బంగాళాదుంపలు ఐనర్ తరిగాడు.

మర్నాడు ఇంకా చీకటి. వరండాలో రెండు రైఫిళ్లు, పక్కపక్కనే.

పాతదాని బోల్టు లాగి వదిలింది — టపీ!

కొత్తదాని బోల్టు లాగి వదిలింది — టపీ!

"పడుకోనివ్వవే!" లోపల్నుంచి ఐనర్ అరిచాడు.

కోసిన చొక్కాలోంచి వీపుకు చలిగాలి తగులుతోంది. హిల్మా చెయ్యి పాతదాని వైపు వెళ్లింది. కొత్తదాని వైపు వెళ్లింది. అడవిలో ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు...

ఏదో ఒకటి భుజాన వేసుకుని, మెట్లు దిగి, పరుగులాంటి నడకతో మంచులోకి వెళ్లిపోయింది.