నడిమి మొద్దు

వాకిట్లో బండలు పరిపిద్దామని భర్త అన్నప్పుడు ఆమె వద్దనలేదు. వేళ్ళు ప్రహరీ గోడను ఎత్తేస్తున్నాయని పోయిన వేసవిలో అక్కడున్న మూడు చెట్లూ కొట్టించేశారు. మోకాలెత్తు మొద్దులు మిగిలాయి. చూపు పోయిన మామగారికి ఆ మొద్దులే దారి. మెట్టు దిగి, కర్రతో మొదటిదాన్ని తట్టి, నడిమిదాని మీద కాసేపు కూర్చుని, మూడోది దాటితే గేటు. ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

"నాన్న వాటిని తట్టుకుని ఎప్పుడు పడతారోనని నాకు భయంగా ఉంది. చదునుగా ఉంటే నిశ్చింత," అన్నాడు భర్త.

"కానివ్వరా," అన్నారు మామగారు హుషారుగా. "అవి పోతే ఈ ఇంట్లో మొద్దంటే నువ్వొక్కడివే మిగులుతావు. నాకూ పోల్చుకోవడం తేలిక."

ముగ్గురూ నవ్వారు. ఆయన నవ్వు అందరికంటే ముందు ఆగిపోవడం ఆమె ఒక్కతే గమనించింది. కొడుక్కి అడ్డు చెప్పడం ఆయనకు చేతకాదు, కళ్ళు పోయాక మరీను. చెప్పాల్సింది తనే. మాట నోటి దాకా వచ్చింది కూడా.

అప్పుడే పక్కింటావిడ గుర్తొచ్చింది. ఆ మధ్య ఒకరోజు ఆవిడ గోడ మీదుగా తొంగిచూసి, "కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నావటగా అమ్మాయ్? మీ మామగారు పాపం ఒకటే బాధపడుతున్నారు," అంది. గేటు దగ్గర నిలబడి మామగారే చెప్పారన్నమాట. చూపు లేని మనిషి చెవులు ఇల్లంతా తిరుగుతుంటాయని ఆమెకు అంతవరకూ తట్టలేదు. ఎందుకు ఏడుస్తోందో ఆమెకే సరిగా తెలియదు. తనకే తెలియనిదాన్ని ఇంకొకరు విని, జాలిపడి, వీధిలో పెట్టారు. తిట్టి ఉంటే ఎదురు తిట్టేది. జాలిని ఏం చేస్తుంది?

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మేస్త్రి, అతని తమ్ముడు గునపాలతో దిగారు. భర్త ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మొదటి మొద్దు మధ్యాహ్నానికల్లా ఊడివచ్చింది. మూడోది ఇంకా తేలిగ్గా వచ్చింది. నడిమిది మాత్రం కదల్లేదు. చుట్టూ తొడ లోతున తవ్వి, పక్కవేళ్ళు నరికి, మోకు కట్టి లాగారు. మోకు తెగి తమ్ముడు వెల్లకిలా పడ్డాడు.

"నిద్రొస్తే ఇంటికెళ్ళి పడుకోరా," అన్నాడు మేస్త్రి.

"దాన్ని మనం లాగట్లేదన్నా, అదే మనల్ని లాగుతోంది."

మేస్త్రి చెమట తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికొచ్చాడు. "అమ్మా, దీని తల్లివేరు ఎంత లోతుకు పోయిందో అంతు చిక్కట్లేదు. పోనీ ఇలాగే ఉంచేద్దామా? గుంట పూడ్చి, చుట్టూ బండలు గుండ్రంగా కోసి పెడతాను. పెద్దాయన కూర్చోడానికి బాగుంటుంది."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయన వింటున్నారు.

సరే అంటే చాలు. భర్త ఏమీ అనుకోడు. ఆ ఒక్క మాట కోసం గోడకు అవతల ఒక మనిషి ఊపిరి బిగబట్టి కూర్చున్నారని ఆమెకు తెలుస్తూనే ఉంది. తెలిసే కొద్దీ లోపల ఏదో గట్టిపడింది.

"ఉంచితే పుచ్చిపోదా? అప్పుడు చుట్టూ ఉన్న బండలు కుంగుతాయి కదా," అంది.

"పుచ్చుతుందనుకోండి, కానీ దానికి ఏళ్ళు..."

"తీసేయండి."

తన గొంతు తనకే న్యాయంగా వినిపించింది. అన్న మాటలో అబద్ధం లేదు. అందుకే భయం వేసింది.

లారీ జాకీ తెచ్చి పైకెత్తితే గాని అది రాలేదు. గుంటలో మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, ఇసుక పరిచి, బండలు వేశారు. వాకిలి అంతా ఒక్క తీరున చదునుగా ఉంది. భర్త చూసుకుని మురిసిపోయాడు.

మర్నాటి సాయంత్రం మామగారు చెప్పులు వేసుకుని మెట్టు దిగారు. కర్ర బండ మీద టక్కుమంది. ఎక్కడ తట్టినా అదే టక్కు. కొంచెం నడిచి ఆగారు. కర్రను కుడికీ ఎడమకీ చాచి తిప్పారు. ఏమీ తగల్లేదు. ఇంకొన్ని అడుగులు వేసి, గేటనుకుని చెయ్యి చాపారు. చేతికి గాలి తప్ప ఏమీ అందలేదు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది.

గుమ్మంలో నిలబడి ఆమె ఎదురుచూసింది. పిలిస్తే వెళ్దామనుకుంది. పిలుపు రాలేదు. తను అక్కడే ఉన్నానని ఆయనకు తెలుసు. తెలిసీ పిలవడం లేదు. ఇక ఉండలేక వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది.

"గేటు ఇటుంది, మామయ్యా."

"గేటు దాకా ఎందుకులే అమ్మాయ్." ఆయన కాలితో బండను రాసి చూశారు. "బాగా కూర్చున్నాయి. ఎక్కడా కుంగవు."

ఆమెకు మొహం వేడెక్కింది. ఆయన మొహంలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికింది. ఉంటే బాగుండేది. అక్కడ మర్యాద తప్ప మరేదీ లేదు, కొత్తవాళ్ళ ఇంట్లో కూర్చున్న మనిషి మర్యాద.

"రోజూ నేను తీసుకొస్తాను," అంది. "మీరు పిలవండి చాలు."

"నీకు పనులుంటాయి."

"ఉండవు. ఇప్పుడు ఎటు వెళ్దాం? లోపలికా, బయటికా?"

ఆయన కర్రను చంకలో పెట్టుకున్నారు. బరువంతా ఆమె చేతి మీదికి వచ్చింది.

"నువ్వు ఎటు నడిపిస్తే అటేనమ్మా," అన్నారు.

ఆమెకు కాలు కదల్లేదు.