తొమ్మిదో నీడకు పదికెన్ని?

ఆస్తి కోసం కొట్లాడుకున్న తల్లీకూతుళ్లు ఉంటారు, అల్లుడి కోసం కొట్లాడుకున్నవాళ్లూ ఉంటారు. పుస్తకం కోసం ఆరు వారాలు ఇల్లు పీకి పందిరి వేసిన తల్లీకూతుళ్లు మాత్రం వీళ్లిద్దరే. కింది వాటాలో ఉండే ముసలాయనకు చెవుడు. ఆయన కూడా వచ్చి తలుపు కొట్టి, "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగాడంటే చూసుకోండి.

తల్లిది తుడిచే పని. ఏడంతస్తుల ఆఫీసులో నాలుగో అంతస్తు ఆమెది. పొద్దున ఆరింటికి బకెట్టు పట్టుకుంటే మధ్యాహ్నం రెండింటికి దింపుతుంది. తొమ్మిదేళ్లుగా అదే అంతస్తు, అదే ఆకుపచ్చ కోటు. కూతురికి పద్నాలుగు నిండాయి. నోరు తెరిస్తే కుట్టే రకం, అందుకని తల్లి దాన్ని కందిరీగ అని పిలుస్తుంది. అలా పిలిస్తే దానికి ఒళ్లు మండుతుంది. మండుతుందనే తల్లి పిలుస్తుంది.

గొడవ తెచ్చిపెట్టింది లైబ్రరీ మేడం. తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతో కలిసి ఒక పుస్తకాల వరస అంతా చదవాలట. ఇద్దరూ కలిసి ఒక సమీక్ష రాయాలట. పదికి ఎన్ని మార్కులో ఇద్దరూ ఒప్పుకుని ఒకే అంకె వేసి, కింద ఇద్దరూ సంతకం పెట్టాలట. బాగున్నదాన్ని గోడకు అంటించి, ఆ ఇంటికి కొత్త భాగం అందరికంటే ముందు ఇస్తారట. కందిరీగ చదివేది 'తొమ్మిదో నీడ'. ఆరు భాగాలు నమిలి మింగేసింది, ఏడో దాని కోసం గోళ్లు కొరుక్కుంటోంది. తల్లి లేకుండా పని జరగదు కాబట్టి, ఎన్నడూ లేనిది ఓ సాయంత్రం మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చి మరీ అడిగింది.

ఆ నీడ అనే పిల్లకు పదిహేనేళ్లు. పగలు బడి, బడి వదిలాక గూఢచారి పని. గోడలెక్కుతుంది, బీరువాలు తెరుస్తుంది, దేశాల గుట్టంతా దాని గుప్పిట్లో ఉంటుంది. తల్లికి అక్షరాలు కూడబలుక్కునేంత చదువే ఉంది. అందుకని కూతురు పైకి చదివేది, తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతూ వినేది. రెండు భాగాలు బాగానే నడిచాయి. "ఊఁ, దూకిందా? తర్వాత?" అని తల్లి చేతిలో చొక్కా చేతిలోనే పెట్టుకుని అడిగేది. చిక్కంతా మూడో భాగంలో వచ్చింది.

"ఆగాగు. ఆ కోటు ఎవరిది?" అంది తల్లి.

"తుడిచేవాళ్లదమ్మా. మేకుకు తగిలించి ఉంటే వేసుకుంది."

"తాళాలగుత్తి?"

"అదీ వాళ్లదే. కోటు జేబులో ఉంది."

"తెల్లారి ఆ గుత్తి లేదంటే సూపర్‌వైజర్ ఎవరి పీక పట్టుకుంటాడు? మీ నీడ పీకా?"

"అమ్మా! అక్కడ ప్రపంచం పేలిపోబోతోంది. నీకు తాళాలగుత్తి కావాల్సి వచ్చిందా?"

"ప్రపంచం పేలిపోతే నాకు రేపు సెలవు. పేలకపోతేనే కదే నా బాధ!"

నాలుగో భాగంలో నీడ మళ్లీ ఆ కోటే వేసుకుంది. అయిదులోనూ అంతే. ఆరులో కోటుతో పాటు మాప్ కూడా పట్టుకుని, తడిగుడ్డ పెట్టుకుంటూ ముందుకు నడిచింది. తల్లి మడతపెడుతున్న దుప్పటి విసిరికొట్టింది.

"ముందుకా? ఎక్కడైనా ముందుకు నడుస్తూ తడి పెడతారటే? తుడిచిందంతా దాని కాళ్లతోనే మళ్లీ తొక్కదూ? వెనక్కి నడవాలి, వెనక్కి! ఈ రాసినవాళ్లు పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడైనా ఇల్లు తుడిచారా?"

"నీకు తుడవడం తప్ప ఇంకేం కనబడదా?"

"కనబడదు. రాసుకో. సున్నా."

"పది."

"సున్నా అన్నానా? సున్నకు చుట్టు నేనే చుడతా, ఇలా తే పెన్ను."

"అసలు ప్రతిసారీ ఆ కోటే ఎందుకు వేసుకుంటుందో తెలుసా నీకు?" కందిరీగ లేచి నిలబడింది. "తుడిచేవాళ్ల మొహం ఎవ్వరూ చూడరు కాబట్టి. బకెట్టు వస్తోందనుకుంటారు, అంతే. నీ మొహం కూడా ఎవరూ చూడరు. తొమ్మిదేళ్లుగా చూడట్లేదు."

అనేశాక కందిరీగకే ఆ మాట ఎక్కువైందనిపించింది. కానీ జారిన మాటను తిరిగి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

తల్లి విసిరికొట్టిన దుప్పటి తీసి అంచులు కలపబోయింది. కలవలేదు. "చూడరా?" అంది. "ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి రోజూ నన్ను చూసి నవ్వుతుంది. కిటికీ పక్క సారు రోజూ 'మోకాలు ఎలా ఉంది?' అని అడుగుతాడు. నా సొంత తమ్ముడు నెలకోసారైనా అడగడు ఆ మాట. తెలిసీ తెలియక వాగకు."

"అయితే పందెం కడతావా?"

"ఏం పందెం?"

"నీ కోటు నేను వేసుకుంటా. నీ అంతస్తంతా ఒక చుట్టు తిరుగుతా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు 'ఎవరు నువ్వు? మీ అమ్మ ఏది?' అంటే, సున్నా వేసి సంతకం పెడతా. అనకపోతే పది."

సూపర్‌వైజర్ కంటబడితే తొమ్మిదేళ్ల ఉద్యోగం ఆ పూటే ఊడుతుంది. ఆ సంగతి తల్లికి తెలియక కాదు. కానీ ఆ మాట ఒంట్లో ముల్లులా దిగింది, దాన్ని పెరికేయకుండా ఆమె ఉండలేకపోయింది. "శనివారం రా. ఆయన పదింటిదాకా రాడు," అంది.

శనివారం తొమ్మిదింటికి కందిరీగ ఆకుపచ్చ కోటు తొడుక్కుంది. ఎత్తులో తల్లికి నాలుగు వేళ్లు తక్కువ, లావులో సగం. కోటు దాని మీద గోడకు తగిలించినట్టే ఉంది. మొహానికి ఏ అడ్డూ లేదు. తల్లి టీ గదిలోకి పోయి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తూ నిలబడింది. ఆమెకు భయంగా ఉంది. ఎవరైనా పట్టుకుంటారేమోనని కాదు, పట్టుకోరేమోనని.

ముందు బల్ల అమ్మాయి నవ్వింది. తల్లికి రోజూ చూపించే నవ్వే, అదే వెడల్పు, అంతే సేపు. నవ్వి మళ్లీ ఫోన్‌లోకి తల దించుకుంది.

'పోన్లే, కుర్రది,' అనుకుంది తల్లి.

కందిరీగ మొదటి వరసలోకి వెళ్లింది. దాని కాళ్లు రాకముందే బల్లల కింద కాళ్లు పైకి లేచాయి. మాప్ పోయాక దిగాయి. తలలు మాత్రం ఒక్కటీ లేవలేదు. పైగా ఆ పిల్ల ముందుకు నడుస్తోంది! నీడ నడిచినట్టే, తడి మీద తన చెప్పుల ముద్రలు వేసుకుంటూ పోతోంది. అద్దం వెనక తల్లికి ఒళ్లు మండిపోయింది. 'ఒరే, కనీసం ఆ ముద్రలైనా చూడండర్రా! తొమ్మిదేళ్లలో ఇలాంటి ముద్ర ఒక్కటి వేశానా?' అని నోట్లోనే అనుకుంది.

రెండు, మూడు వరసలు దాటింది. చివర కిటికీ పక్క సారు బల్ల. కందిరీగ వంగి చెత్తబుట్ట తీసింది. సారు పెదవులు కదిలాయి. కందిరీగ ఆగింది. ఏదో అంది. సారు మళ్లీ ఏదో అన్నాడు. తల్లికి అద్దంలోంచి మాట వినబడదు, ఆయన వీపు, పిల్ల మొహం మాత్రం కనబడుతున్నాయి. పిల్ల మొహం ఎర్రబడింది.

టీ గదిలోకి వచ్చి బకెట్టు ధడాలున పెట్టింది. "పట్టేశాడు," అంది.

"ఏమన్నాడు? ఏమన్నాడే?"

"'ఎవరు నువ్వు, అమ్మ రాలేదా?' అన్నాడు. సెలవు పెట్టింది, సాయానికి వచ్చానన్నా. చాలా? నువ్వు గెలిచావు. కోటు తీసుకో."

ఇక చూడాలి తల్లి సంబరం! ఆదివారమంతా ఆ పిల్లను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. "మొహం చూడరన్నావే? బకెట్టు వస్తోందనుకుంటారన్నావే? ఏమైందమ్మా కందిరీగా, కొండి విరిగిందా?" అంటూ గదిగదికీ వెంటపడి మరీ దెప్పింది. సమీక్ష రాయించింది, కింద సున్నా వేయించింది, దాని చుట్టూ ఇంకోసారి దిద్దింది. కందిరీగ సంతకం పెట్టి, అటు తిరిగి పడుకుంది. మాటకు మాట అనని కూతుర్ని చూస్తే ఏ తల్లికైనా అనుమానం రావాలి. గెలిచిన మత్తులో ఈ తల్లికి రాలేదు.

సోమవారం ఆమె మోకాలు మొండికేసింది. ఒక కాలు ఈడ్చుకుంటూ కిటికీ దాకా వచ్చి చెత్తబుట్ట తీసింది.

"మోకాలు ఎలా ఉంది?" అన్నాడు సారు తెర మీది అంకెలు చూస్తూ.

"పట్టేసింది సార్."

"అదేంటి, శనివారం బాగుందన్నావుగా? నేను మంచిదని కూడా అన్నాను."

తల్లి చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది. శనివారం ఆమె తలుపు వెనక ఉంది. ఆయన దగ్గర నిలబడ్డవి పద్నాలుగేళ్ల మోకాళ్లు. ఆ మోకాళ్ల క్షేమమే ఆయన కనుక్కున్నాడు. తొమ్మిదేళ్లుగా బకెట్టు చప్పుడు వినబడగానే ఆ ప్రశ్న దానంతటదే ఆయన నోట్లోంచి రాలుతోంది కాబోలు, గడియారం గంట కొట్టినట్టు.

ఆమె కదలలేదు. ఆయన మరో నాలుగు అంకెలు కొట్టాడు. ఇంకా నీడ పడుతోందని అప్పుడు తలెత్తాడు. "ఏం కావాలి?"

"ఏం లేదు సార్. ఒకసారి నా మొహం చూస్తారని."

ఆయన తికమకపడ్డాడు. "అదేం మాటమ్మా? ఇన్నేళ్లుగా నువ్వు నాకు తెలియదా?"

"తెలుసు సార్. మోకాలిదాకా తెలుసు."

బుట్ట ఖాళీ చేసి, వెనక్కి నడుస్తూ, ఒక్క ముద్ర పడకుండా తడిపెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా ఆ కాగితం తీసి, సున్నాను అడ్డంగా కొట్టేసి పది వేసింది. కందిరీగ బడి నుంచి వస్తూనే అది చూసింది.

"ఎవరు మార్చారిది?"

"పందెంలో ఓడినదాన్ని, నేనే. నా మోకాలు బాగుందని చెప్పావటగా, థాంక్స్."

పిల్ల మొహం పాలిపోయింది. ఆ వెంటనే మండింది. పెన్ను లాక్కుని పదిని కొట్టేసింది. "సున్నా!"

"సిగ్గు లేదూ? నా మీద జాలిపడతావా నువ్వు? నిన్న రోజంతా నేను కోతిలా గెంతుతుంటే చూస్తూ కూర్చున్నావా? తిట్టు, పడతాను. నీ జాలి మాత్రం నాకొద్దు. పది!"

"జాలి కాదు! నాకు కోపం!" పిల్ల అరిచింది. "నేనేం నీ గొంతు పెట్టి చెప్పలేదు. నా గొంతుతోనే 'బాగుంది సార్' అన్నా, గట్టిగా, కావాలనే. అయినా తల తిప్పకుండా 'మంచిది' అన్నాడు. ఆ బకెట్టు ఎత్తి వాడి నెత్తిన బోర్లిద్దామనుకున్నా."

"బోర్లిస్తే తుడవాల్సింది నేనే."

"అదే! అదే నాకు మండుతోంది! ఆ నీడ నాలుగుసార్లు వేసుకుంది ఆ కోటు. నాలుగుసార్లు! దాన్ని ఎవరూ చూడరని సంబరపడిందే గానీ, అది ఎవరి కోటో ఒక్కసారైనా అడగలేదు. దానికి పదేంటి?"

"ఆ మాట నేను చెప్తే విన్నావా? ఇప్పుడు నేను చెప్పేది విను. అందులో రాసింది నిజం. నాకు నచ్చకపోయినా నిజం. నిజానికి మార్కు కోసేంత అన్యాయం నేను చేయను. పది."

"సున్నా."

కింది వాటా ముసలాయనకు పాపం మతి పోయింది. వారం కిందట తల్లి అన్నది ఇప్పుడు కూతురు అంటోంది, కూతురు అన్నది తల్లి అంటోంది. అరుపులు మాత్రం అవే.

మంగళవారం లైబ్రరీలో ఆఖరి గడువు. మేడం ఆ కాగితం అందుకుని వెలుగుకు పెట్టి చూసింది. కొట్టేసి రాసి, కొట్టేసి రాసి, మార్కు వేసే చోట చిల్లి పడింది.

"రాసింది మాత్రం ఎంత బాగుందమ్మా! ఇన్నింటిలో ఇలా పోట్లాడిన సమీక్ష ఇదొక్కటే," అంది మేడం. "గోడకు ఇదే పెట్టాలని ఉంది. ఒక్క అంకె చెప్పండి, నేనే రాసుకుంటా. పదా, సున్నానా?"

"పది," అంది తల్లి.

"సున్నా," అంది కూతురు.

"పోనీ మధ్యలో అయిదు వేసుకుందామా?"

తల్లి మేడం వంక చూసిన చూపుకు ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. "ఇద్దరిదీ ఒకే అంకె కాకపోతే నేను తీసుకోకూడదమ్మా. ఏడో భాగం ఇంకొకరికి పోతుంది."

తల్లి కూతురి వంక తిరిగింది. "విన్నావా? దాని కోసమే కదే నన్ను ఆరు వారాలు చంపుకు తిన్నావు? 'పది' అను, అయిపోతుంది."

కందిరీగ కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల మీద ఆ కొత్త పుస్తకం కనబడుతూనే ఉంది, ఇంకా ఎవరి వేలూ పడని అట్టతో. దాన్ని ఒక్కసారి చూసి, కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కుకుంది.

"పోతే పోనీ," అని విసవిసా బయటికి నడిచింది.

వీధిలో అది ముందు, తల్లి ఇరవై అడుగుల వెనక. పిల్ల కాళ్లు నేలను తన్నుతూ పోతున్నాయి, తల్లి కాలు ఈడుస్తోంది. మలుపు దగ్గరికి వచ్చాక కందిరీగ ఆగింది. గిర్రున వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల్లి మొహం వంకే గుడ్లురిమి చూస్తూ నిలబడింది.

"త్వరగా రావే!" అని అరిచింది.

తల్లి విననట్టే, ఇంకాస్త నెమ్మదిగా నడిచింది.