ప్రభంజన పరీక్ష

వైశాఖమాసపు సూర్యుడు తూర్పుగుట్టల నింకను బూర్తిగా దాటకమునుపే రాయలసీమలోని యా యెఱ్ఱనేల కొలిమివలె గనలజొచ్చెను. మేఘలేశమైన లేని యాకాశము క్రింద శుష్కించిన గడ్డి పసుపువన్నె కంబళివలె బఱచుకొనియుండ వేడిగాలి దుమ్మునెత్తి సుడులుగా ద్రిప్పుచు దిక్కులకు వెదజల్లుచుండెను. ఆ నిర్జనప్రదేశమున నేనాడో విమానములకై వేయబడి పిదప నెవ్వరికిని బట్టక విడువబడిన రాతిబాట యొకటి మేను చాచిన కాలసర్పమువలె నుత్తరదక్షిణములుగా బడియుండెను. దాని కొనయందు గొప్పపందిరి వేయబడి యుండెను. పందిరిలో బత్రికలవారును కారు కొననెంచి దూరపట్టణములనుండి వచ్చిన ధనవంతులును జల్లని పానీయములు గ్రోలుచు గూర్చుండిరి. పందిరిముందు రక్తచందనవర్ణమున దళదళ మెఱయుచు నేలకు బొట్టయానించి యెగురబోవు చిఱుతపులివలె నొదిగియుండెను ప్రభంజనము.

ప్రభంజనమనునది మౌళీశ్వరరెడ్డి కర్మాగారమున నూతనముగా నిర్మింపబడిన పందెపుకారు. దాని ప్రతిష్ఠకెల్ల మూలము లాంచ్ కంట్రోలను నేర్పు. చోదకుడెడమకాలితో బ్రేకును ద్రొక్కిపట్టి కుడికాలితో యాక్సిలరేటరును నేలకంటునట్లదిమినచో నింజను తన బలమంతయు గూడగట్టుకొని గర్జించుచు గట్టివేయబడిన మదగజమువలె నిలుచును. బ్రేకుమీది కాలెత్తిన తత్క్షణమే చక్రములు జాఱిపోకుండ యంత్రమే వానికి దగినంత బలమును బంచియిచ్చి కారును వింటినుండి వెడలిన నారాచమువలె ముందునకు విసరును.

ఆ కారుప్రక్కను శిరస్త్రాణమును జంకనిడుకొని నిలిచియున్న హైమవతి ముఖమున నే భావమును గానరాకుండెను. పందెపుబాటలమీద బురుషులకు దీటుగా గారు నడపి ఖ్యాతి గడించిన యా యువతి పైకి బ్రశాంతసరోవరమువలె నుండియు లోన బడబానలమును మోయుచుండెను. గతమాసమున నిదే బాటపై నిదే కారును మొదట బరీక్షించినవాడు అహోబలుడు. అతడామె శిష్యుడు. తోడబుట్టినవాడు కాకున్నను తమ్ముడనియే యామె యతని నెంచుకొనుచుండెను. ఆనాడు కారు దారితప్పి యెడమవైపునకు దూకి యంచుననున్న రాళ్లగుట్టను దాకగా నతని కుడికాలు నుజ్జునుజ్జయి వైద్యులు మోకాలిక్రింద దానిని దీసివేయవలసివచ్చెను. రక్తపుమరకలారకమునుపే రెడ్డి పత్రికలవారిని బిలిచి చోదకుడు త్రాగి నడపెనని ప్రకటించెను. అహోబలుడు జన్మమున మద్యపుబొట్టు నోటబెట్టినవాడు కాడు.

ఆసుపత్రిలో నతడు మంచమున బడియుండి చెప్పిన మాటలామె చెవులయం దహోరాత్రము మ్రోగుచుండెను. "మొదటి తూరి బాగనే పోయిందక్కా. రెండో తూరి, ఇంజను బాగా కాగినంక, ఎడమకు లాగింది. నేనేం చేసినా తిరగలేదు." ఆమె యా మాటను నమ్మెను. కావుననే యతిథులయెదుట నీ కారును నడపిచూపుడని రెడ్డి కబురంపినప్పుడు క్రోధమును బండ్లనడుమ నొక్కిపట్టి సరేయనెను.

పట్టుజుబ్బా ధరించిన మౌళీశ్వరరెడ్డి చిఱునవ్వుతో నామెకడకు వచ్చి కంఠము తగ్గించి పలికెను. "ఒక్కసారి పోయి రండి హైమవతిగారూ. ఒక్కసారి చాలు, వీళ్ళకు చూపించేదానికి."

హైమవతి మాత్రము పందిరిలోనివారికి వినబడునట్లుగా బలికెను. "మీరూ నా పక్కన కూర్చోండి రెడ్డిగారూ. ముందు మీకు నమ్మకముంటేగదా వీళ్ళకు నమ్మకం కలిగేది."

అతిథులు కరతాళములు చఱచిరి. పత్రికలవారు కెమెరాల నెత్తిరి. పదుగురి యెదుట వెనుదీయుట యెట్లో తోపక రెడ్డి నవ్వును ముఖమున నట్లే నిలుపుకొని కారెక్కి పట్టీ బిగించుకొనెను.

హైమవతి బ్రేకును ద్రొక్కి యాక్సిలరేటరు నదిమెను. ఇంజను ఘోషకు బందిరిగుడ్డలు వడవడ వణకెను. ఆమె యెడమకాలెత్తినదో లేదో ప్రభంజనము నామము సార్థకమగునట్లు లంఘించెను. వెన్ను పీఠమున కతుకుకొనిపోయెను. ఇరువైపుల గడ్డిమైదానము పసుపుపచ్చని ధారలై కరగి వెనుకకు బ్రవహించెను. రెప్పపాటులో బందిరి వారివెనుక బొమ్మరిల్లంత యయ్యెను. కారు గీచినగీటువలె ఋజుమార్గమున సాగుచుండ దనకు దెలియకయే హైమవతి హృదయ ముప్పొంగెను. ఉప్పొంగినందులకు దనపై దానే మండిపడెను. ఇంత చక్కని వస్తువును నిర్మింపగలిగిన చేతులే యంత నీచమైన యసత్యమునుగూడ నల్లినవిగదా యని తలచినకొలది నామె కోపము ద్విగుణీకృతమయ్యెను.

బాటకొన జేరి కారును మరల్చి పందిరికడకు వచ్చినపిదప నామె యింజను నార్పలేదు. కారును మఱల మొదటిచోటనే నిలిపి బ్రేకును ద్రొక్కిపట్టెను.

"ఏంటికి మళ్ళీ?" యని రెడ్డి యడిగెను. "చాలమ్మా, బాగా పోయింది గదా."

"బాగా పోయింది గాబట్టే ఇంకోసారి పోదాం."

"ఇంజను కాగింది. చల్లారనీ."

"కాగితే ఏమైతుంది రెడ్డిగారూ?"

చల్లగాలి వీచుచున్న యా కారులో రెడ్డి నుదుట జెమట బిందువులై పొటమరించెను. హైమవతి కుడికాలు నదిమెను. ఇంజను గర్జించెను. అతడు రెండుచేతులతోడను దలుపుపిడిని బట్టుకొని యార్తస్వరమున బలికెను. "బ్రేకు వదలొద్దు. ఎడమకు లాగుతుంది. కాగితే ఎడమ చక్రానికి బలం సరిగా పోదు. మా ఇంజనీరు భార్గవ చెప్పినాడు నాకు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"వదలొద్దమ్మా, నీకు దండం పెడతా."

"ఎప్పుడు చెప్పినాడని అడుగుతాండాను."

"అహోబలం నడపకముందే."

ఆ మాట విన్నంతనే హైమవతి కన్నుల యెదుట లోకమెల్ల నెఱ్ఱబాఱెను. తెలిసియుండియే యా పిల్లవానిని మృత్యుముఖమునకు బంపి యతడు ప్రాణములతో మిగిలినందులకు శిక్షగా వాని పేరునుగూడ మట్టిగలిపిన యీ మనుజుడు తన యెడమకాలి యధీనమున నున్నాడు. ఆ కాలొక్క యంగుళము లేచిన జాలును. ఆ కాలెత్తవలెనను కోరిక తనలో బుట్టుట జూచి యామె తన్నుదానే యెఱుగనట్లు విస్తుపోయెను. ఎట్టకేలకు గుడికాలిని వెనుకకు దీసి యింజనుఘోషను దగ్గించెను.

"దిగండి. దిగి ఈ మాటే అందరి ముందరా చెప్పండి."

రెడ్డి దిగెను. తడబడునడకతో బందిరి జేరెను. నీడ మీద బడినతోడనే యతని నడక చక్కబడెను. రుమాలుతో మొగము దుడుచుకొని మునుపటి చిఱునవ్వును మరల దెచ్చుకొనెను. కారు తలుపింకను దెఱచియే యుండుటవలన నతని పలుకులు హైమవతికి స్పష్టముగా వినవచ్చెను.

"ఎండ ఎక్కువైంది. ఇంక లోపల టిఫిను చేస్తా మాట్లాడుకుందాం. మా కారు ఎట్ల పోయిందో చూసినారు గదా."

పత్రికలవారిలో నొకడు లేచి యడిగెను. "మరి పోయిన నెల ప్రమాదం మాటేమిటండీ?"

"తాగి నడిపితే ఏ కారైనా అంతే" యని రెడ్డి నవ్వెను. పందిరిలో గొందఱు నవ్విరి.

హైమవతి తలుపు మూసికొనెను. బాట యిరువైపుల నెవ్వరును లేకుండుట నొకపరి పరికించెను. శిరస్త్రాణపుపట్టీని బిగించెను. పిదప బ్రేకును ద్రొక్కి యాక్సిలరేటరును మునుపటికంటె గట్టిగా నదిమి యింజను కంఠము తారస్థాయి నందుకొనువఱకు నిలిచి కాలెత్తెను.

ప్రభంజనము లంఘించినది నిజమే. కాని కొంతదూరము పోవునంతలోనే యదృశ్యహస్తమొకటి యెడమచెవిని బట్టి యీడ్చినట్లు ప్రక్కకు మొగ్గెను. ఇట్లగునని యెఱిగియుండుటవలన నామె దానితో బెనుగులాడలేదు. యాక్సిలరేటరునుండి కాలుదీసి కారు లాగినదిక్కునకే స్టీరింగును ద్రిప్పి దానిని జాఱనిచ్చెను. కారు గిరగిర దిరుగుచు బాట విడిచి యెండుగడ్డిలోనికి దూసికొనిపోయి రాళ్లగుట్టకు బారెడు దూరమున నాగెను. ధూళి లేచి పందిరివఱకును గప్పెను. ఆ ధూళిలోనుండి శిరస్త్రాణమును దీసి చేతబట్టుకొని యామె నడచివచ్చెను.

ముందుగా నామెకడకు బరుగెత్తుకొనివచ్చినవాడు లాంచ్ కంట్రోలును రూపొందించిన యింజనీరు భార్గవుడు. అతని మొగము పాలిపోయియుండెను. "ఆపమని నేను చెప్పినాను మేడమ్. ఆయన వినలేదు."

"ఆయన విననప్పుడు అహోబలానికి చెప్పాల గదా" యని హైమవతి పలికెను. ఆమె కంఠము హెచ్చలేదు. "ఒక్క మాట. ఎక్కొద్దు అని. ఆ ఒక్కమాట నీ నోట్లోంచి రాలేదు."

భార్గవుడు పందిరివైపునకు మరలి పత్రికలవారి నడుమకు నడచి తనకు దెలిసినదంతయు దన పిఱికితనముతో గూడ దాచక చెప్పెను. రెడ్డి యతనిని వారింపబోయెను గాని యంతకుముందు నవ్వినవారే యిప్పు డతనిని దొలగుమనిరి. కారు కొనవచ్చినవారు వీడ్కోలైన జెప్పక లేచిపోవుచుండిరి.

హైమవతి దూరముగా నొక తుమ్మచెట్టు క్రింద గూర్చుండి అహోబలునకు ఫోను చేసి జరిగినదెల్ల జెప్పెను. ఆతడు సంతసించునని యామె తలచియుండెను.

"నిన్నెవరు పొమ్మన్నారక్కా?" యని యతడు పలికెను. కోపముచే నా కంఠము బొంగురువోయి యుండెను. "నా పేరు నిలబెట్టేదానికి నీ ప్రాణం అడిగినానా నేను?"

"నువ్వు తాగినావన్నాడు రా. అందరూ నవ్వినారు."

"నవ్వనీ. కాలు ఎట్లాగూ పోయింది. నువ్వు గూడా పోతే నాకు ఇంకేం మిగుల్తాది?"

ఆమె ఫోనును జెవికట్లే యానించుకొని యతని శ్వాసను వినుచు గూర్చుండెను.

క్రోధము సత్యమును వెలికి దీయగలదు గాని పోయిన యంగమును మొలిపింపజాలదు. తన్ను ధరించినవారికి బ్రీతిపాత్రులైనవారినిగూడ నది కాల్చుననుట యామె యప్పుడెఱిగెను. ఎఱిగియు దాను జేసినదానికి విచారింపలేదు. ధూళి యడగినపిదప నా రాతిబాటపై రెండు నల్లని చక్రపుజాడలు కొంతదూరము చక్కగా సాగి యెడమకు విఱిగి గడ్డిలో నంతరించియుండుట యెల్లరకు గానవచ్చెను. ఎండకు మెత్తబడిన యా రబ్బరుమరక మధ్యాహ్నపుసూర్యుని క్రింద నిగనిగలాడుచుండెను. వెడలిపోవుచున్న యతిథుల కార్లన్నియు దానిని ద్రొక్కకుండ ప్రక్కకు దొలగి నెమ్మదిగా సాగిపోయెను.