మొద్దు మీద బూడిద

పండుమిరపకాయలు రాతి మీద నూరుతున్నాను. సగం నలిగాయో లేదో ముందుగదిలోంచి మా ఆయన కేక వినిపించింది.

"నిదా! దీన్నేం చేశావ్?"

ఏమైందో చెప్పడు గానీ, ఎవరు చేశారో ముందే తేలిపోతుంది. అన్నంలో రాయి తగిలినా, చెప్పు తెగినా మా ఇంట్లో మొదటి మాట ఇదే. చేతులు కడుక్కుని వెళ్ళాను. ఎంత కడిగినా మిరపకాయ మంట వేళ్ళను వదలలేదు. టీవీ బల్ల ముందు మస్రుల్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. రిసీవర్ పెట్టె ముఖాన ఎర్రదీపం వెలిగి, ఆరి, మళ్ళీ వెలుగుతోంది. అంకెలు రావలసిన చోట నాలుగు గీతలు వచ్చి, కాసేపుండి, పోతున్నాయి. లేవబోయి లేవలేక కూలబడే ముసలి గేదెలా ఉంది ఆ పెట్టె.

"పొద్దున దీన్ని తుడిచావా?"

"రోజూ తుడుస్తూనే ఉన్నాను కదండీ."

"అదే మరి. తడిగుడ్డ పెట్టుంటావ్. సాయంత్రం మ్యాచ్ ఉంది, కాఫీకొట్టు దగ్గర అందరికీ చెప్పేశాను మా ఇంటికి రమ్మని. ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

మా ఇంటికి. ఈ మాట అవసరాన్ని బట్టి మారుతుంది. మాలో పెళ్ళయితే మగవాడే పెళ్ళాం ఇంటికి వస్తాడు. ఈ ఇల్లు అమ్మమ్మ నుంచి అమ్మకు వచ్చింది, అమ్మ నుంచి నాకు, నా తర్వాత మా సిల్మికి. సుమత్రాలో మా కొండ ఊళ్ళన్నిటా ఇదే పద్ధతి. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు విని, "అబ్బో, మీ ఆడవాళ్ళు రాణులే!" అంటారు. నేను నవ్వి ఎంగిలి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్తాను. స్నేహితులను పిలిచేటప్పుడు ఇది మా ఇల్లు. పైన రేకు కారితే మీ ఇల్లు. మ్యాచ్ అయిపోయి, లవంగం సిగరెట్ల పీకలూ, కర్రపెండలం వేపుడు ముక్కలూ చాపల మీద చెల్లాచెదురుగా పడి ఉంటే, "నీ ఇల్లే కదా, ఊడ్చుకో."

ఎదురు మాట్లాడబోతే అతని దగ్గర ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది. "నాదేముంది, మొద్దు మీద బూడిదని. గాలి వీస్తే ఎగిరిపోతాను." మా ఊరి అల్లుళ్ళందరికీ తాతలిచ్చిన సామెత ఇది. చెట్టు కాలిపోయాక మొద్దు మీద మిగిలిన బూడిదలాంటిదట అత్తగారింట్లో మగవాడి బతుకు. ఆ మాట చెవిన పడగానే అమ్మ వంటింట్లోంచి ఉన్నవాటిలో పెద్ద చేపముక్క తెచ్చి అతని కంచంలో వేస్తుంది. తర్వాత నన్ను చాటుకు పిలిచి, "అల్లుడి మనసు కష్టపెట్టకే. లేచి వెళ్ళిపోతే ఆపడానికి మన చేతిలో ఏముంది?" అంటుంది. గాలి వీచకూడదు. అందుకని ఈ ఇంట్లో ఎవరం గట్టిగా ఊపిరి తీసుకోం. మధ్యాహ్నం అతను పడుకుంటే గిన్నె చప్పుడు కాకుండా తోముతాం. మా సిల్మి బడి నుంచి వచ్చి గుమ్మం దగ్గరే ఆగి, "నాన్న పడుకున్నాడా?" అని గుసగుసగా అడుగుతుంది. తన సొంత ఇంట్లో గుసగుసలాడటం నా కూతురు మాటలతోపాటే నేర్చుకుంది.

మస్రుల్ పెట్టెను అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. వైరు పీకి పెట్టాడు. ఎర్రదీపం మళ్ళీ మొదటికే వచ్చింది. "డిష్ కదిలుంటుంది, రాత్రి గాలివానకి," అని పెరట్లోకి వెళ్ళాడు. ఇక నా స్థానం నాకు తెలుసు. జల్లెడలాంటి ఆ పెద్ద డిష్ దగ్గర అతను, టీవీకీ కిటికీకీ మధ్య నేను.

"వచ్చిందా?"

"రాలేదు."

"ఇప్పుడు?"

"రాలేదండీ."

మా కాపురంలో మేం ఎక్కువగా మాట్లాడుకున్నది ఇదేనేమో. ఈసారి ఒక మాట కలిపాను. "పెట్టే లేవడం లేదు కదండీ. డిష్ తిప్పితే ఏమొస్తుంది?"

"నీకు తెలుసా? అడిగిందానికి చెప్పు. వచ్చిందా?"

"రాలేదు."

చివరికి చొక్కా తడిసిపోయి లోపలికి వచ్చాడు. "కాఫీకొట్టులో ఎవరికైనా తెలుస్తుందేమో కనుక్కొస్తా. నువ్వు మాత్రం ముట్టుకోకు. కర్రపెండలం వేయించి ఉంచు, ఎక్కువే వేయించు." నేను ముందు నడిచి మెట్ల దగ్గర అతని చెప్పులు బయటివైపు తిప్పి పెట్టాను. రోజూ చేసేదే. అతను చూడకుండానే కాళ్ళు దూర్చి వెళ్ళిపోయాడు. అదీ రోజూ చేసేదే.

నేను వెనక్కి వచ్చి ఆ మూల నిలబడ్డాను. టీవీ ఉన్న ఈ కిటికీ మూల ఒకప్పుడు నా మగ్గానిది. అంతకుముందు అమ్మమ్మది. తూర్పు వెలుగూ పడమటి వెలుగూ రెండూ తగిలే చోటు ఇంట్లో ఇదొక్కటే. జరీ పని వెలుగు లేనిదే సాగదు. ఒక్క పోగు తప్పితే పువ్వు రేక వంకర పోతుంది. టీవీ అప్పట్లో వంటింటిని ఆనుకున్న నడిమి గదిలో ఉండేది. అక్కడ ఉక్కపోతగా ఉందని, స్నేహితులు కాళ్ళు చాపుకోలేకపోతున్నారని మస్రుల్ గొణిగాడు. మేనమామ మాటంటే మాలో తీర్పు కాబట్టి మామయ్యను పిలిచారు. ఆయన వచ్చి, కాఫీ తాగి, మీసం తుడుచుకుని, "మగ్గం ఎక్కడుంటే ఏంటమ్మా, మగ్గమే కదా. అల్లుణ్ణి తీసుకెళ్ళి వంటింటి పక్కన కూర్చోబెడితే మన వంశానికే తలవంపులు," అన్నాడు. అలా మగ్గం వంటింటి వెనక, కట్టెలు పేర్చే చోటుకు వెళ్ళింది. దానితోపాటు నేను.

పొగలో కళ్ళు మండేవి. జరీ ఏదో పసుపు నూలు ఏదో వేలితో తడిమి తెలుసుకునేదాన్ని. మొన్న పూర్తి చేసిన బట్టను జస్మా అక్క తీసుకోవడానికి వచ్చింది. నూలు ఇచ్చేదీ, బట్ట కొనేదీ ఆవిడే. ఎండలోకి పట్టుకెళ్ళి, అంచు మీద వేలు నడిపించింది. "నిదా, ఇది నీ చెయ్యేనా? పెళ్ళికూతురి భుజమ్మీద వేసే బట్టేనా ఇది? ఇంకోసారి ఇలా వస్తే నూలు వేరేవాళ్ళకిస్తాను. ఏమనుకోకు." నేనేమీ అనుకోలేదు. ఆ రాత్రి దీపం ముందు వేళ్ళు చాపి చూసుకున్నాను, అంతే. అమ్మమ్మ నేర్పిన పని నా చేతిలోంచి జారిపోతోంది. అది పోతే ఈ ఇంట్లో నాకు మిగిలేది చీపురే.

ముట్టుకోకు అన్నాడు. పెట్టెను బల్ల మీద నుంచి దించి ఒళ్ళో పెట్టుకున్నాను.

మగ్గంలో ఎక్కడో చిక్కుపడితే మొత్తం పట్టి లాగకూడదు, ఒక్కొక్క పోగే వదులు చేస్తూ రావాలి అనేది అమ్మమ్మ. ముందు కరెంటు వైరు తీసుకెళ్ళి వంటింట్లో అన్నం కుక్కరు పెట్టే చోట పెట్టాను. అదే ఎర్రదీపం, అవే నాలుగు గీతలు. కరెంటు తప్పు కాదు. టీవీకి వెళ్ళే వైరు తీశాను. మార్పు లేదు. ఇక మిగిలింది వెనకాల మరతో బిగించిన డిష్ కేబుల్. కరెంటు ఆపి, మర తిప్పి దాన్నీ ఊడదీసి, మళ్ళీ కరెంటు ఇచ్చాను. నాలుగు గీతలు వచ్చాయి. పోయాయి. నేను ఊపిరి బిగబట్టాను, అలవాటు. తర్వాత ఆకుపచ్చ దీపం వెలిగి, అంకెలు వచ్చి కుదురుగా నిలబడ్డాయి.

పెట్టెకు ఏ జబ్బూ లేదు. నా తడిగుడ్డకూ ఏ పాపం లేదు.

కేబుల్ మళ్ళీ తగిలిస్తే మళ్ళీ కూలబడింది. అయితే చిక్కు కేబుల్‌లో ఉంది. అది కిటికీలోంచి బయటికి పోతుంది. నేనూ బయటికి వెళ్ళి, దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని గోడ వెంట నడిచాను. ఇంటి పక్కకు తిరిగేచోట, చూరు నీళ్ళు పడే చోట, పచ్చ ప్లాస్టిక్ సంచీ చుట్టి దారంతో కట్టి ఉంది. మూట విప్పితే వాన నీళ్ళు కారాయి. లోపల రెండు కేబుళ్ళను పురి తిప్పి కలిపిన అతుకు. రాగి తీగ ఆకుపచ్చగా చిలుమెక్కి, పైనున్న అల్లిక లోపలి తీగకు అంటుకుపోయింది. టీవీని నా కిటికీ దగ్గరికి తెచ్చినప్పుడు కేబుల్ చాల్లేదు. మస్రుల్ పాత కేబుల్‌ను నడిమి గది కన్నంలోంచి బయటికి లాగి, ఇంకో ముక్క అతికించి, ఇంటి చుట్టూ తిప్పి తెచ్చాడు. ఆ రోజు సంచీ తెచ్చిచ్చింది నేనే. గట్టిగా పట్టుకో అంటే పట్టుకుంది నేనే.

నేలమీద కూర్చుని నవ్వాను. అమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

"ఒక్కదానివే నవ్వుతున్నావేంటే, దయ్యం పట్టినట్టు?"

"అమ్మా, కేబుల్ నడిమి గది దాకానే వస్తుంది."

"వస్తే?"

"టీవీ బల్ల ఆ చివర పట్టుకో."

అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అల్లుడొచ్చి ఏమంటాడో! మామయ్యని ఓ మాట అడుగుదామే."

"మామయ్యకి అత్తయ్య ఇంట్లో టీవీ ఎక్కడుండాలో చెప్పే ధైర్యం ఉందా? ఆయనా అక్కడ బూడిదే కదా. అక్కడ నోరు లేవక ఇక్కడికొచ్చి తీర్పులు చెప్తాడు."

"నోర్ముయ్, పాపిష్టిదానా," అంది అమ్మ. కానీ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వచ్చి బల్ల చివర పట్టుకుంది.

దారాలు కోసే కత్తితో అతుకు దగ్గర కేబుల్ కోసి, మంచి తీగ దొరికేదాకా చెక్కి, పాత కన్నంలోంచి లోపలికి లాగి మర బిగించాను. నడిమి గదిలో పెట్టె ఒక్కసారికే లేచింది. తెర మీద ఒకావిడ వార్తలు చదువుతోంది. నేనూ అమ్మా ఆవిడ ముందు నిలబడి చూశాం, మా ఇంటికి చుట్టం వచ్చినట్టు. ఆ తర్వాత మగ్గం. దాన్ని విప్పకుండా, పడుగు సడలకుండా తేవడానికి చెమటలు పట్టాయి. సిల్మి ఖురాను పాఠం నుంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"నాన్న పడుకున్నాడా?" గుసగుస.

"లేదు. గట్టిగా మాట్లాడు."

అది నావంక నమ్మలేనట్టు చూసింది. "గట్టిగానా?" అని గుసగుసగానే అడిగింది.

కిటికీ దగ్గర కూర్చున్నాను. పడమటి ఎండ సగం నేసిన బట్ట మీద పడింది. వంటింటి చీకట్లో కనపడని తప్పు ఇక్కడ కూర్చోగానే కనిపించింది, ఒక రేక పక్కకు ఒరిగిపోయి ఉంది. ఆ రేక ఉన్న నాలుగు వరసలూ విప్పడం మొదలుపెట్టాను. మిరపకాయలు రాతి మీద సగంలోనే ఉన్నాయి. కర్రపెండలం చెక్కు కూడా తీయలేదు.

మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు, నవ్వులు. మస్రుల్, వెనక అతని స్నేహితులు. వాళ్ళలో యుల్హెంద్రి అందరినీ దాటుకుని లోపలికి తల పెట్టి, "అరే, వస్తోందిరా! అదుగో లోపల! నువ్వు చచ్చిందన్నావేంట్రా?" అని నడిమి గదిలోకి పరుగెత్తాడు. మిగతావాళ్ళూ వెళ్ళారు. మస్రుల్ మాత్రం గది మధ్యలో నిలబడిపోయాడు.

"ఎవరు తీయమన్నారు దాన్ని?"

"కేబుల్ అక్కడి దాకానే వస్తుందండీ. బయట అతుకులో నీళ్ళు దిగాయి. అందుకే పెట్టె లేవలేదు."

"ఒరేయ్, అతుకు వేసింది నువ్వేగా!" లోపల్నుంచి యుల్హెంద్రి అరిచాడు. అందరూ నవ్వారు.

మస్రుల్ ముఖం ఎర్రబడింది. "ముట్టుకోవద్దన్నానా లేదా? మగ్గం మళ్ళీ ఎత్తు."

నేను పోగు దూర్చే నాడె చేతిలోకి తీసుకున్నాను. "ఎత్తను."

గొంతు పెంచలేదు. ఆ మాట ఇంత చిన్నదని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

అతను నన్ను వదిలేసి అమ్మ వైపు తిరిగాడు. ఆ గొంతు నాకు తెలుసు, మెత్తగా, నీరసంగా ఉంటుంది. "సరే అత్తా. నాదేముంది. మొద్దు మీద బూడిదని. గాలి వీచింది."

నేను అమ్మను చూశాను. ఇప్పుడు లేస్తుంది, కాఫీ పెడుతుంది, చేప వేయిస్తుంది, నన్ను చాటుకు పిలుస్తుంది. అమ్మ లేచింది కూడా. వంటింటి వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి నా మగ్గం పక్కన కూలబడి, బుట్టలోంచి నూలు తీసి కండె చుట్టడం మొదలుపెట్టింది. కండె తిరుగుతోంది.

"చాపలు పరిచే ఉన్నాయి," అన్నాను అతనితో. "కాఫీపొడి డబ్బాలో ఉంది, నీళ్ళు మీరు కాచుకోండి. ఉంటే ఉండండి, ఎవరూ వెళ్ళమనలేదు. కానీ బూడిద ఎగిరిపోతుందని ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో గాలి ఆడకుండా చేసుకున్నాం. ఇక నా వల్ల కాదు. నాకు ఊపిరి ఆడాలి."

నడిమి గదిలో మ్యాచ్ మొదలైంది. ఎవరో ఈల వేశారు. సిల్మి పెరట్లో నిలబడి, ఏదో పాట, గొంతెత్తి పాడుతోంది.

మస్రుల్ గుమ్మం వైపు నడిచాడు. మెట్ల దగ్గర ఆగాడు. విడిచినవి విడిచినట్టే చెప్పులు ఇంటివైపు తిరిగి ఉన్నాయి. అతను కాసేపు వాటినే చూశాడు, ఎవరో వచ్చి తిప్పి పెడతారన్నట్టు. నేను కదల్లేదు. చివరికి ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగి, ఇంటికేసి చూస్తూ, నాకేసి చూస్తూ వాటిలో కాళ్ళు దూర్చుకోవాల్సి వచ్చింది. నేను తల దించలేదు. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.