రెండు కాళ్ళతో నొక్కిన పెడల్

"నట్టు తొడగమని చెప్పొద్దూ?" అంటూ మా ఆయన చేతిలోని పైపును నా కాళ్ళ మీదికి విసిరికొట్టాడు.

చెప్పాలి. పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం అదే. కారు బ్రేకు పైపంటే పెన్సిలంత లావు కూడా ఉండని ఇనుప గొట్టం. దాని కొసను గరాటులా విప్పి బిగిస్తేనే జాయింటు దగ్గర బ్రేకు ఆయిల్ కారదు. కొస విప్పకముందే నట్టు తొడగాలి. విప్పాక అది ఎక్కదు, ఆ కొస కోసి పారేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఈ ఒక్క ముక్క మా ఆయనకు ఎన్నడూ గుర్తుండదు. పొయ్యి మీద కూర మాడుతున్నా, ఒళ్ళు జ్వరంతో కాలుతున్నా, ఇంటి ముందున్న మా కార్ల రిపేరు షెడ్డులో ఆయన పైపు పట్టుకోగానే నేను వెళ్ళి పక్కన నిలబడి "నట్టు" అనాలి. అంటే "నాకు తెలీదా?" అని కసురుతాడు. అనకపోతే కొడతాడు. ఇవాళ దుప్పట్లు ఉతుకుతూ ఉండిపోయాను. రెండుసార్లు మరిచిపోయాడు, రెండుసార్లు కోశాడు, పైపు జానెడు తక్కువైంది.

కారు డాక్టరమ్మది. ఇంచుమించు నా వయసంత పాతది. కొండ మీది ఆసుపత్రి నుంచి ఆవిడ రోజూ మలుపుల దారిలో దిగి వస్తుంది. వెనక చక్రాలకు వెళ్ళే పైపు తుప్పుపట్టి కారుతోందని పొద్దున్నే ఇచ్చి, నాలుగింటికి వస్తానని వెళ్ళింది. కొత్త పైపు చుట్ట అటక మీదే ఉంది. దించి, కొలిచి, వంచి వేయడానికి గంటన్నర పడుతుంది. అంత ఓపిక ఎవరికి? మా ఆయన పెట్రోలు పోయే రబ్బరు గొట్టం ముక్క ఒకటి తీసి, తక్కువైన జానెడులో దూర్చి రెండు క్లిప్పులు బిగించాడు.

"అది బ్రేకుకి ఆగదు. గట్టిగా తొక్కితే ఊడిపోతుంది. ఆవిడ కొండ దిగాలి కదా," అన్నాను.

మాట పూర్తి కానివ్వలేదు. చేతిలో ఉన్న స్పానరుతోనే కొట్టాడు. పెదవి చిట్లి పన్ను కదిలింది. నెత్తురు గడ్డం మీదుగా జాకెట్టులోకి కారింది.

"వాడు పనిలో ఉన్నప్పుడు నీకెందుకే నోరు?" అంది గుమ్మంలో కూర్చున్న మా అత్తగారు. "వాడికి చెయ్యి తొందర గానీ మనసు వెన్న."

ఆ వెన్న ఎక్కడ దాచాడో పన్నెండేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.

"పో, కారెక్కు. పెడల్ తొక్కడానికి బుర్ర అక్కర్లేదు," అని మా ఆయన కారు కిందికి దూరాడు.

పైపులో గాలి చేరితే బ్రేకు పడదు. లోపల ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే, కింద ఇంకొకరు స్క్రూ విప్పి గాలి వదలాలి. లోపలి మనిషిని నేనే. సీట్లో కూర్చుని నెత్తురు మింగుతూ పక్క అద్దంలోంచి చూశాను. చక్రం పీకేసిన చోట ఆయన మోకాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. జాకీ లాగేస్తే? ఇది ఇవాళ కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. అన్నం వడ్డిస్తూ అనుకున్నాను, ఆయన బనీను పిండుతూ మెడ అనుకుని పిండాను. "మా ఆవిడకి పని రాదు, నేనే అన్నీ చూసుకోవాలి," అని నేను బిగించిన బోల్టు మీద చెయ్యేసి ఎవరికో చెబుతున్నప్పుడు, ఆ వేళ్ళు ఎన్ని ముక్కలవుతాయో లెక్కపెట్టుకున్నాను. లోపల ఇంత హత్య పెట్టుకుని పైకి టీ కప్పులు కడుగుతూ బతికాను. ఆయన్ని చూసి కాదు, నన్ను చూసుకుని నాకు అసహ్యం వేసింది.

"గట్టిగా తొక్కవే! తిండి తినట్లేదా?" అని కింద నుంచి అరిచాడు.

వీపు సీటుకు ఆనించి, స్టీరింగు పట్టుకుని, రెండు కాళ్ళూ పెడల్ మీద పెట్టి తొక్కాను. ఊడుతుందని తెలిసే తొక్కాను. పొరపాటున జరిగిందని ఎవరికీ చెప్పను.

ఫట్‌మని ఊడింది. ఆయిలంతా ఆయన ముఖాన కొట్టింది. కళ్ళు మండి కేకలు వేస్తూ బయటికి పాకాడు. కళ్ళు తెరవకుండానే తడుముకుంటూ వచ్చి నా జడ దొరకబుచ్చుకున్నాడు. బయటికి లాగి, తలను తలుపు అంచుకేసి ఒకసారి కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. మూడోసారికి నా చేతికి చక్రాల స్పానరు తగిలింది. జడ పట్టుకున్న చేతి మీద బలమంతా పెట్టి ఒక్కటేశాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అబద్ధమెందుకు, ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ తర్వాత నీళ్ళ గొట్టం తెచ్చి, ఆయన తల వంచి కళ్ళలో ధార పట్టాను. జాలితో కాదు. గుడ్డివాడైతే చెయ్యి పట్టుకుని నడిపించమని మళ్ళీ నన్నే అంటారు.

"మొగుణ్ణి కొట్టడానికి చేతులెలా వచ్చాయే నీకు?" అని మా అత్తగారు గుండెలు బాదుకుంది.

"మీ అబ్బాయికి వచ్చినట్టే వచ్చాయి అత్తయ్యా. లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టండి."

అటకెక్కి కొత్త చుట్ట దించాను. పాత పైపు పక్కన పెట్టి కొలిచాను, వంపుకు వంపు వంచాను. చెబితే నవ్వుతారు, మొదటి కొస నట్టు తొడగకుండానే విప్పేశాను. పక్కన నిలబడి గుర్తుచేయడానికి నాకెవరున్నారు? కోసి పారేసి మళ్ళీ చేశాను. ఎవరినీ కొట్టాలనిపించలేదు.

పైపు బిగించి, ఆయిల్ నింపేసరికి నాలుగైంది. డాక్టరమ్మ వచ్చి నా ముఖం చూసి ఆగిపోయింది.

"జాకీ జారి తగిలిందమ్మా. మావాడికీ చేతికి తగిలింది, పడుకున్నాడు," అని మా అత్తగారు ఎదురెళ్ళి చెప్పింది.

"ముందు కారు పని చూద్దామండీ. కాస్త ఎక్కి కూర్చుంటారా?" అన్నాను.

కింద నేను దూరాను. "నొక్కండి, అలాగే పట్టుకోండి, ఇప్పుడు వదలండి" అని నేను చెప్పినట్టల్లా ఆవిడ చేసింది. గాలంతా పోయింది. చక్రం ఎక్కించి, ఆవిణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, వీధి చివరి ఏటవాలు మీదికి కారు తీసుకెళ్ళాను. సగం దిగాక ఉన్నట్టుండి బ్రేకు తొక్కాను. కారు కదలకుండా నిలబడింది. దిగి పైపు మీద వేలితో రాసి చూశాను. చుక్క తడి లేదు.

"జాకీ తగిలితే పెదవి ఇలా చిట్లదు," అంది డాక్టరమ్మ మెల్లగా.

"తగల్లేదండీ. మా ఆయన స్పానరుతో కొట్టాడు. ఇదే మొదటిసారి కాదు. నేను ఇటునుంచి ఇటే పోలీస్ స్టేషన్‌కి వెళుతున్నాను. మీరు చూసింది చూసినట్టు రాసివ్వండి."

ఆవిడ సంచిలోంచి కాగితం తీసింది. పెదవి, పన్ను, తల వెనక బొప్పి, ఒక్కొక్కటే చూసి రాసింది.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

"ఉందండీ. మా ఆయన చెయ్యి విరిగింది. విరగ్గొట్టింది నేనే. అది కూడా రాయండి."