చీపురుపుల్లల విమానం

మా ఇంట్లో కొత్త చీపురు నెల తిరక్కుండానే బక్కచిక్కిపోతుంది. "దుమ్ము ఎక్కడిదక్కడే ఉంటాది, సీపురు మాత్రం అరిగిపోతాది. అదేటే?" అని మా అత్త జోగమ్మ దెప్పుతుంది. పుల్లలు ఎవరి పనికి పోతున్నాయో ఆవిడకి బాగా తెలుసు. కొడుకుని అనలేదు గనక నన్నంటుంది.

మా ఆయన జగ్గారావు ఎయిర్‌ఫోర్సులో ఆఫీసరు. ఇక్కడే, మా నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో పుట్టిన ఫిట్టరు ఎర్రయ్య కొడుకు జెట్ విమానం నేర్చుకుంటున్నాడు. అరవై అయిదు యుద్ధంలో ఆ మోతకి మంచాల కింద దూరిన మా వీధి, ఇప్పుడు అదే మోత వింటే తలెత్తి గొప్పగా చూస్తుంది. పాతికేళ్ళు నిండకుండా పెళ్ళాడినవాళ్ళకి ఎయిర్‌ఫోర్సులో కాపురానికి ఇల్లివ్వరు. అందుకని ఆయన ఊరవతల ఆఫీసర్లుండే మెస్సులో, నేను ఇక్కడ బొగ్గుల పొయ్యి ముందు. ఆదివారం వస్తాడు, భోంచేస్తాడు, పాఠం మొదలెడతాడు.

ఆయన నేర్చుకునేచోట ఒక గదిలో డొల్ల విమానం ఉందట. లోపల కూర్చోబెట్టి మూత వేసేస్తారు. ఇక బయట ఏమీ కనబడదు, ఎదురుగా గడియారాల్లాంటివాటి ముళ్ళు చూసుకునే నడపాలి. మబ్బులో ఎగరడం అలాగే నేర్పుతారట. మా ఆయనకి అదే కొరుకుడు పడలేదు. విమానం తిన్నగా పోతున్నా పక్కకి వాలిపోయానని ఒళ్ళు చెబుతుంది. ఆయన దాన్ని నమ్మి సరిచెయ్యబోయి నిజంగానే వాలిపోతాడు. ఏడాదికోసారి పరీక్ష. తప్పితే ఎగరడం మాన్పించి నేల మీద పనిలో వేస్తారు.

అందుకే ఇంట్లోనూ ఒక డొల్ల విమానం తయారైంది. అట్ట మీద గడియారాలు, వాటికి వెనకనుంచి తిప్పే చీపురుపుల్లల ముళ్ళు. ఆయన స్టూలు మీద కూర్చుని, తనమీంచి అట్ట దాకా దుప్పటి కప్పుకుని, నా అప్పడాల కర్ర పట్టుకుని విమానం నడుపుతాడు. నేను అట్ట వెనక నిలబడి ముళ్ళు తిప్పుతాను. విమానం ముక్కు పైకెత్తానని ఆయనంటే ఎత్తు ముల్లు పెంచాలి, వేగం ముల్లు తగ్గించాలి. పొరపాటు పడితే దుప్పటిలోంచి తిట్లు. ఆ తిట్లతోనే విద్యంతా నాకూ వచ్చేసింది. ఆ సంగతి ఆయనకి తోచనే లేదు. తిరగలికి పిండి రుచి తెలుసని ఎవరనుకుంటారు?

కిందటేడు నాకు ఎనిమిదో నెల. పరీక్ష ముందు ఆదివారం నడుములో పోటు మొదలైంది, కడుపులో కదలిక తగ్గింది. చెప్పాను. మేం కనలేదా పిల్లల్ని అంది అత్త. ఆయన దుప్పటిలోంచే, తనకి గురువు చెప్పిన పాఠం నాకు అప్పజెప్పాడు.

"ఒల్లు అబద్దం సెప్తాది హైమా. ఒల్లు మాట నమ్మినోడు సచ్చిపోతాడు. నువ్వు ముల్లు తిప్పు."

తిప్పాను. దీపాలు పెట్టాక గానీ రిక్షా పిలవలేదు. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. రైల్వే ఆస్పత్రి నర్సు జ్ఞానరత్నం నా తల నిమిరి, "ఇంకోపాలి ఇలాటి నొప్పొస్తే ఎవుల్నీ అడగకు. సరాసరి నా కాడికొచ్చీ" అంది. మా ఆయన ఏడ్చాడు, అబద్ధం చెప్పను. తర్వాత పరీక్ష గట్టెక్కాడు. వీధిలో రసగుల్లాలు పంచారు. బిడ్డ లేని పాలకి నా రవికె తడిసిపోతోంది. తలుపు చాటున నిలబడి నేనూ ఒకటి తిన్నాను.

ఏడాది తిరిగింది. మళ్ళీ ఎనిమిదో నెల, రేపు మళ్ళీ పరీక్ష. ఇవాళ గంజి వారుస్తుంటే అదే పోటు. మధ్యాహ్నానికి కడుపులో అదే నిశ్శబ్దం.

"మగోడి పరీచ్చ అంటే సాలు, నీకు నొప్పులొచ్చేస్తాయి," అని అత్త చాప పరుచుకుని పడుకుంది. ఆయన అప్పటికే దుప్పటి కప్పుకున్నాడు. ముల్లు తిప్పమన్నాడు.

అట్ట వెనక నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కంటే ఆ పాఠం మీద. మబ్బులో ఉన్నవాడు ఆయన. అబద్ధం చెప్పింది ఆయన ఒళ్ళు. నా ఒళ్ళు కిందటేడు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. చెప్పిందంతా నిజమే, వినాల్సినదాన్ని నేనే వినకుండా నిలబడి పుల్లలు తిప్పాను.

వంటింట్లోంచి అన్నం మెతుకులు తెచ్చాను. ముళ్ళన్నీ సమంగా పెట్టి, కదలకుండా ఒక్కొక్కదాన్నీ వెనకనుంచి మెతుకుతో అంటించేశాను. చెప్పులేసుకున్నాను.

"ఎత్తు సరే. దిక్కు సరే," అని ముసుగులో ఆయన వల్లిస్తున్నాడు. "ఈయేల ఒక్క ముల్లూ కదల్నేదు, సూసినావా హైమా." ఆ గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు. నేను గుమ్మం దిగాను.

వీధి చివర రిక్షావాడికి, "రైల్ హస్పతాల్, దాదా" అని చెప్పి ఎక్కాను. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. లోపల ఏదో చిన్నగా తగిలింది. బిడ్డ కదిలిందో, రోడ్డు గతుకో తెలీలేదు. తొందరగా తొక్కమన్నాను.