కట్లు విప్పిన దేవదారు

క్వాంగ్ దెఫూ నారపోగును పళ్ల మధ్య పట్టి తడిపి, కుండీలోని దేవదారు కొమ్మకు ఇంకో చుట్టు వేయబోయాడు. ఇవాళ కట్టడం కాదు, విప్పడమని అప్పుడు గుర్తొచ్చింది. నాలుక కరుచుకుని పోగును చెవి మీద పెట్టుకున్నాడు.

కొండ మీది తావో ఆలయంలో కుండీ చెట్లకు వంపులు తిప్పడమే అతని పని. సన్నటి ముంజేతులు, మొద్దు వేళ్లు, గోళ్ల కింద ఎంత తోమినా పోని నాచు. ఆ చేతులు ఊరికే ఉండలేవు. గంజి తాగుతూ ముల్లంగి ఊరగాయ ముక్కల్ని వరసగా పేరుస్తాడు, ఎవరితోనన్నా మాట్లాడుతూ వాళ్ల గుండీలు సర్దుతాడు. "నన్నూ నారేసి కట్టెయ్యరాదూ!" అని విసుక్కునేది పెళ్లాం, బతికున్నన్నాళ్లూ. చెంగ్డూ నుంచి వచ్చే యాత్రికులు "గాలే వంచినట్టుంది, ఎంత సహజంగా ఉందో!" అంటే అతని మొహం చేటంత అయ్యేది. పక్కనున్న లువాన్ గురువుగారు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వేవారు.

"సహజమంటే తనంతట తానే అలా ఉండటంరా. నువ్వు కడితే ఉండటం కాదు."

ఆ గురువుగారే ఇప్పుడు మంచం పట్టారు. గొంతులోకి నీళ్లు కూడా దిగడం లేదు. నిన్న ఒక్కటే అడిగారు.

"నేను పోయేలోగా ఆ దేవదారు కట్లు విప్పి చూపించరా. దాని అసలు రూపమేదో చూస్తాను."

పడుచుతనంలో ఇద్దరూ కలిసి కొండచరియ మీంచి తవ్వి తెచ్చిన చెట్టది. కట్లు తెంపగానే కొమ్మలన్నీ లేచిపోతే? ఇన్నేళ్లూ తను చేసిందంతా ఒట్టి తాళ్ల పనేనని తేలిపోతే? ఆ భయంతో రాత్రంతా అతనికి నిద్ర లేదు.

"ఇంకా ముడులు చూస్తూ కూర్చున్నావా దెఫూ!" గురువుగారి గది గుమ్మంలోంచి వంటచేసే యిన్ అక్క కేకేసింది. "ఆయన చూపంతా తలుపు మీదే ఉంది!"

"వస్తున్నా అక్కా, వస్తున్నా!"

కత్తెర తీసుకుని, కళ్లు సగం మూసుకుని, ఒక్కో కట్టూ తెంపాడు. మాను కదల్లేదు. కొమ్మలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ వసంతంలో కట్టిన చిన్న కొమ్మ ఒక్కటే మెల్లగా పైకి లేచింది. దాన్ని నొక్కబోయిన బొటనవేలిని వెనక్కి లాక్కున్నాడు. పట్టలేనంత సంతోషం వేసింది.

కుండీ ఎత్తుకుని బయలుదేరాడు. నడవాలోకి వచ్చేసరికి నాచు ఎండినట్టు కనిపించింది. ఇలా ఎలా చూపిస్తాడు? బావి దగ్గర దించి నీళ్లు చిలకరించాడు. ఎర్రబడిన ఆకులు గిల్లాడు, కుండీ అంచు తుడిచాడు. తర్వాత ముఖం సంగతి. ప్రతి కుండీ చెట్టుకూ ముఖమంటూ ఒకటి ఉంటుంది, చూసేవాళ్ల వైపు తిప్పాల్సింది దాన్నే. ఆ కొమ్మ లేచేసరికి ముఖం మారిపోయింది. కుండీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, గొంతుక్కూర్చుని చూసి మళ్లీ తిప్పాడు.

యిన్ అక్క ఆ తర్వాత మళ్లీ కేకెయ్యలేదు. ఆ మాట తట్టగానే కుండీ గుండెకు హత్తుకుని పరిగెత్తాడు.

గదిలో ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. గంజి గిన్నె మీద మూత పెట్టేసింది.

"ఇప్పుడే పోయారు," అంది. "చెట్టొచ్చిందా అని అడిగారు. వస్తోందన్నాను. సరేలే, దాని తీరుబాటున దాన్ని రానీ అన్నారు."

దెఫూ కుండీని చేతికందిన చోట, కిటికీ గట్టు మీద దించాడు. గురువుగారి అంగీ మెడ పట్టీ ఒక పక్కకి ముడుచుకుపోయి ఉంది. సర్దడానికి వెళ్లిన చెయ్యి మధ్యలో ఆగి, వెనక్కి వచ్చి ఒళ్లో పడింది.

"నేనే ఆలస్యం చేశానక్కా," అని భోరుమన్నాడు.

సాయంత్రం గురువుగారిని తీసుకెళ్లాక, గది తలుపు వెయ్యడానికి వచ్చి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. కిటికీ వైపు అడుగు వెయ్యకుండానే తలుపు మూశాడు. గట్టు మీద దేవదారు, ముఖం బయటికీ వీపు గదికీ పెట్టి, ఆ ఒక్క కొమ్మా పైకెత్తి అలాగే ఉంది.